మన్రో దొర కూల్చిన కోటలు, కూలని గోడలు



ఆఫ్రికాలో ఎక్కడో రెండు తెగలు కొట్టుకున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా మన మధ్య ఒక మాట వినిపిస్తుంది. వాళ్లంతే, అది వాళ్ల రక్తంలోనే ఉంది అంటారు. సరిగ్గా ఇదే మాటను బయటివాళ్లు మన కడప జిల్లా గురించి అంటుంటారు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల అనగానే వారికి నాటుబాంబులు, వేటకొడవళ్లు తప్ప ఇంకేమీ గుర్తుకు రావు. తొలి తెలుగు శాసనం దొరికిన కలమళ్ల, రేనాటి చోళుల శాసనాలున్న చిలమకూరు ఈ నేలలోనివేనని ఎవరూ తలచుకోరు. ఆ మాట విన్నప్పుడు మన మనసు చివుక్కుమంటుంది. అయితే మనమూ అదే మాటను ఇంకొకరి మీద వేస్తున్నామని ఆలోచించం.

పగ రక్తంలో పుట్టదు. దానికి ఒక చరిత్ర ఉంటుంది. ఎవరో ఒకరికి అధికారం ఇచ్చారు, ఎవరో ఒకరి దగ్గర లాక్కున్నారు, లెక్క సరిచేయకుండా వెళ్లిపోయారు. మిగిలిన బాకీని మనుమలు కత్తులతో తీర్చుకుంటున్నారు. ఈ వారం ఆ చరిత్రను మన పెద్దలకు బాగా తెలిసిన ఒక మనిషి జీవితంలో చూద్దాం. ఆయన సర్ థామస్ మన్రో. మన సీమ ప్రజలు మన్రో దొరగా తలచుకున్న కలెక్టరు.

గ్లాస్గో నుంచి దత్తమండలాలకు

మన్రో 1761 మే 27న స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. చిన్నతనంలో తట్టు పోసి ఈయనకు కొంత చెవుడు వచ్చింది. అమెరికా వలసలు తిరగబడి యుద్ధం మొదలయ్యాక తండ్రి వ్యాపారం కూలిపోయింది. ఇల్లు గడవాలంటే కొడుకు సంపాదించక తప్పలేదు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగిగా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు.

అదే ఏడాది హైదర్ అలీ కర్ణాటక రాజ్యం మీదికి దండెత్తి వచ్చాడు. యుద్ధం పల్లెను ఏం చేస్తుందో మన్రో ఆ నాలుగేళ్లలో కళ్లారా చూశాడు. 1792 నుంచి ఏడేళ్లపాటు బారామహల్‌లో, అంటే నేటి సేలం, కృష్ణగిరి ప్రాంతాల్లో, అలెగ్జాండర్ రీడ్ కింద పని చేశాడు. జమీందారును మధ్యలో పెట్టకుండా రైతు పేరనే భూమి రాసి, రైతు దగ్గరే శిస్తు తీసుకునే రైతువారీ పద్ధతి అక్కడ రూపుదిద్దుకుంది. 1799లో టిప్పు సుల్తాన్ చనిపోయాక కొంతకాలం కెనరాలో కలెక్టరుగా ఉన్నాడు.

1800 అక్టోబరులో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, నేటి కర్నూలులో కొంత భాగాన్ని కంపెనీకి అప్పగించాడు. తన రక్షణకు కంపెనీ పెట్టిన సైన్యం ఖర్చు కింద ఆయన ఇచ్చుకున్నది మన నేలను. ఇక్కడి జనాన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. అప్పటికి రాయలసీమ అన్న పేరు లేదు. దత్తమండలాలు అన్నారు, అంటే ఇచ్చివేసిన మండలాలు. వాటికి ముఖ్య కలెక్టరుగా మన్రో వచ్చాడు.

ఎనభైమంది పాలెగాళ్లు

ఆయన వచ్చేసరికి ఈ నేల ఎలా ఉంది? 1565లో విజయనగరం ఓడిపోయాక ఇక్కడ నిలకడైన ప్రభుత్వం లేదు. గోల్కొండవాళ్లు వచ్చారు, మొగలులు వచ్చారు, కడప నవాబులు ఏలారు, మరాఠాలు చౌతు వసూలు చేసుకున్నారు, హైదర్, టిప్పు, నిజాం ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఎవరొచ్చినా సైన్యంతో వచ్చి కప్పం పట్టుకుపోయారు. సైన్యం వెనుదిరగగానే పాలెగాడు మళ్లీ కోట కట్టుకున్నాడు. మొదట ఊళ్లకు కావలి కాసేందుకు పెట్టిన మనిషే చివరికి ఊళ్లను దోచే మనిషి అయ్యాడు. పొరుగు పాలెగాడి భయం చూపించి తన పాలెంలోని రైతు దగ్గర కావలి రుసుము గుంజాడు. ప్రతి ఊరికీ ఒక బురుజు ఉండేది. పొలానికి పోయే రైతు ఆయుధం పట్టుకుపోయే రోజులవి.

బైబిలు చదివేవారికి ఇది కొత్త సంగతి కాదు. న్యాయాధిపతుల గ్రంథమంతా ఇదే చక్రం. అణచివేత వస్తుంది, జనం మొరపెడతారు, ఒక బలవంతుడు లేచి శత్రువును కొడతాడు, దేశం కొన్నేళ్లు నెమ్మది పొందుతుంది, ఆ మనిషి చనిపోగానే కథ మళ్లీ మొదటికి వస్తుంది. గిద్యోను గొప్పగా గెలిచాడు. ఆయన కొడుకు అబీమెలెకు సొంత అన్నదమ్ముల్నే చంపాడు. గెలుపుకూ నెమ్మదికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ గ్రంథం చూపిస్తుంది.

మన్రో లెక్క ప్రకారం దత్తమండలాల్లో ఎనభైమంది పాలెగాళ్లు, వారి చేతి కింద సుమారు 30,000 మంది సాయుధులు ఉన్నారు. జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ సైన్యం అండగా ఉండగా మన్రో ఏడాదిన్నరలో వారి బలాన్ని విరిచేశాడు. మొదట కట్టలేనంత కప్పం అడిగాడు. కట్టనివారి పాలెం లాగేసుకున్నాడు. ఎదురు తిరిగినవారి కోటలు పడగొట్టించాడు. కొందరు పారిపోయారు, కొందరు గుత్తికోటలో బందీలయ్యారు, మిగిలినవారికి నెలనెలా భరణం రాసిచ్చాడు. ఇది మరీ కఠినమని 1804లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. పాలెగాళ్ల చేతిలో నలిగిన రైతుల సంగతి చూడమని మన్రో జవాబిచ్చాడు.

ఆ జవాబులో నిజముంది. పాలెగాళ్లు పోయాక దారుల్లో దోపిడీలు తగ్గాయి, బీడుపడిన పొలాలు సాగులోకి వచ్చాయి. ఈ సంగతిని మరచిపోతే మన్రోను జనం ఎందుకు ప్రేమించారో అర్థం కాదు.

డేరాలో కచేరీ

1800 నుంచి 1807 వరకు మన్రో ఈ నేల నాలుగు మూలలా తిరిగాడు. డేరా వేసిన చోటే కచేరీ. రైతులు నేరుగా వచ్చి చెప్పుకునేవారు. ఒక్కొక్క పొలాన్నీ కొలిపించి, మట్టిని బట్టి తరగతులు కట్టించి, రైతు పేర పట్టా రాయించాడు. మన ఊళ్లలో నేటికీ వాడే పట్టా, తరం, జమాబందీ వంటి మాటలు ఆ ఏర్పాటులో వేళ్లూనినవే.

కానీ ప్రభుత్వ వాటాను పంటలో 45 శాతం చొప్పున లెక్కగట్టారు. వానను నమ్ముకున్న ఈ నేలలో అది మోయలేని బరువు. ఆ సంగతి మన్రోకు తెలుసు. 1807లో సెలవు మీద స్వదేశానికి వెళ్లేముందు శిస్తును నాలుగో వంతు తగ్గించాలనీ, బావి కింద, చెరువు కింద భూములకు ఇంకొంత తగ్గించాలనీ రాశాడు. పైవారు ఒప్పుకోలేదు. ఆయన వెళ్లాక ఊళ్లను ముందు మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు గుత్తకు ఇచ్చారు. గుత్తదారులు రైతులను పిండారు, తామూ మునిగారు. ఆయన 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాకే ఆ తగ్గింపు అమలైంది. మంచి మాట చెప్పిన రోజుకూ అది అమలైన రోజుకూ మధ్య పుష్కరం దాటిపోయింది. ఆ మధ్యలో అప్పులపాలైన ఇళ్ల లెక్క ఏ దస్తావేజులోనూ లేదు.

ఊరి పెద్ద చేతిలో బొండకొయ్య

1814లో మన్రో పెళ్లి చేసుకుని, న్యాయ విధానాన్ని సరిచేసే కమిషనుకు పెద్దగా మళ్లీ మద్రాసు వచ్చాడు. దూరంగా ఉన్న ఇంగ్లీషు జడ్జీలకు పల్లె తెలియదని, పల్లె తగవు పల్లెలోనే తీరాలని ఆయన నమ్మకం. దాని ఫలితమే 1816 నాటి చట్టాలు. ఊరి రెడ్డి గ్రామ మున్సబు అయ్యాడు. చిన్న దావాలు తీర్చే అధికారం, ఊళ్లో పోలీసు అధికారం, శిస్తు వసూలు మూడూ ఒకే ఇంటి గడపలో చేరాయి.

ఆ చట్టాల్లో ఒక దాన్ని మన సంఘాలు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. చిన్న తప్పు చేసినవాణ్ణి గ్రామ పెద్ద కొన్ని గంటలు చావడిలో నిర్బంధించవచ్చు. తప్పు చేసినవాడు కింది కులంవాడైతే కాళ్లను బొండకొయ్యలో బిగించవచ్చు. ఆ తేడా చట్టంలోనే రాసి ఉంది. మాలపల్లెలు, మాదిగపల్లెలు ఆ కొయ్య నీడలో వందేళ్లకు పైగా బతికాయి. లండన్ మిషను వారు కడప, జమ్మలమడుగు ప్రాంతాల్లో సువార్త చెప్పినప్పుడు మొదట గుంపులుగా వచ్చినవారు ఆ పల్లెలవారే. మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు వాళ్లే.

ఇక్కడే మన్రో కథలోని చిక్కుముడి ఉంది. ఆయన పాలెగాడి కోటను కూల్చాడు. ఒక బలవంతుడి గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడితే తప్ప బలహీనుడికి బతుకు లేని పద్ధతిని కూల్చలేదు. ఆ పద్ధతి కోటలో నుంచి ఊళ్లోకి దిగింది. ఎనభై కోటల్లో ఉన్న పెత్తనం కొన్ని వేల చావళ్లలోకి పంచబడింది. ఊరి పెద్దరికం ఒక ఇంటికి దక్కితే దాయాదుల ఇంటికి దక్కదు. ఆ పెద్దరికం కోసం పోటీ, పోటీ కోసం మనుషుల్ని కూడగట్టుకోవడం మొదలైంది. సీమలో ముఠాకక్షల మూలాలను వెతికిన చరిత్రకారుల్లో పలువురు పాలెగాళ్ల అణచివేతనూ, ఆ తర్వాత పెరిగిన గ్రామ పెత్తనాన్నీ కలిపి చూస్తారు.

గవర్నరు, పట్టికొండ

గవర్నరుగా మన్రో చేసిన పనులు చాలా ఉన్నాయి. రాజధానిలోని బడులన్నీ లెక్కపెట్టించాడు. 1826 నాటికి 12,498 బడులున్నాయని తేలింది. ఈ దేశస్థులను పెద్ద ఉద్యోగాలకు దూరం పెట్టడం వారిని దిగజార్చడమేనని, వారు తమను తాము పాలించుకోగల రోజున ఇంగ్లీషువారు తప్పుకోవాలని 1824లోనే రాసిపెట్టాడు. ఆనాటి అధికారుల్లో అలా ఆలోచించినవారు అరుదు.

మరో సంగతి కొందరు విశ్వాసులకు నచ్చకపోవచ్చు. 1822లో బళ్లారి వైపు ఒక సబ్‌కలెక్టరు ఉద్యోగంలో ఉంటూనే మత పుస్తకాలు పంచుతున్నాడని తెలిసి మన్రో గట్టిగా మందలించాడు. శిస్తు వసూలు చేసే చేతిలో నుంచి పుస్తకం అందుకునే రైతు భయంతో అందుకున్నాడో, ఇష్టంతో అందుకున్నాడో ఎవరు చెప్పగలరు? మిషనరీలు తమ పని తాము చేసుకోవచ్చు, అధికారి మాత్రం చేయకూడదు అన్నది ఆయన తీర్మానం. ఆయన మనసులో రాజ్య క్షేమం ఎంత ఉన్నా, ఆ మాటలోని న్యాయాన్ని మనం ఒప్పుకోవాలి. అధికారం నీడలో పెరిగిన విశ్వాసం అధికారంతో పాటే వాడిపోతుంది.

1827లో పదవి వదిలి స్వదేశానికి వెళ్లేముందు తన పాత జిల్లాలను ఒక్కసారి చూడాలనుకున్నాడు. అప్పుడు కలరా తిరుగుతోంది. జూలై 6న పట్టికొండలో ఉదయం జబ్బుపడి ఆ రాత్రే చనిపోయాడు. దేహాన్ని గుత్తిలో పాతిపెట్టి, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

జనం ఆయన్ను మరచిపోలేదు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. తిరుమల గుడిలో ఆయన పేర నైవేద్యపు గంగాళం ఉంది. మంత్రాలయంలో ఆయనకు రాఘవేంద్రస్వామి కనిపించి మాట్లాడాడని చెప్పుకుంటారు. వేంపల్లె దగ్గర గండిలో, పాపాఘ్ని నది మీద రెండు కొండల మధ్య బంగారు తోరణం ఆయన కళ్లకు కనిపించిందనీ, చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే అది కనిపిస్తుందనీ మరో కథ. ఈ కథలను నమ్మడం, నమ్మకపోవడం అటుంచితే, పరాయి దొర గురించి ఒక జాతి ఇలా చెప్పుకుందంటే అంతకు ముందు వారు న్యాయానికి ఎంత ముఖం వాచి ఉన్నారో తెలుస్తుంది.

మళ్లీ తిరిగిన చక్రం

మన్రో చనిపోయిన పందొమ్మిదేళ్లకు, 1846లో, కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. తాసీల్దారు హతుడయ్యాడు. నడిపించినవాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. పాలెగాళ్ల వంశంవాడు. నెలకు పదకొండు రూపాయల చిల్లర భరణం, రాకుండా పోయిన నొస్సం తాతగారి భరణం, ఊడిపోతున్న మాన్యాలు, పోయిన గౌరవం కలిసి రగిలాయి. భూములు పోగొట్టుకున్న కట్టుబడి బంట్లు వేలమంది వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను జనం చూస్తుండగా ఉరితీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి ఏళ్ల తరబడి అలాగే ఉంచారు. మన్రో కాలంలో తెగిందనుకున్న లెక్క తెగలేదు. భరణం కాగితం మీద కొన్నాళ్లు నిద్రపోయిందంతే.

స్వాతంత్ర్యం వచ్చాక మున్సబు గడప స్థానంలో పంచాయతీ, సమితి, సారా పాటలు, కాంట్రాక్టులు, గనులు వచ్చాయి. ఆయుధం బరిసె నుంచి నాటుబాంబు అయింది. ఎవరి వర్గం అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా కొన్ని ఊళ్లలో బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోవడం కూడా కష్టమైన రోజులు చూశాం. చంపినవాళ్లూ, చచ్చినవాళ్లూ ఎక్కువగా నాయకుల ఇళ్లవారు కారు. వారి వెంట తిరిగిన పేదలు.

మద్రాసు నుంచి ఆఫ్రికా దాకా

మన్రో సమాధి ఉన్న ఆ మద్రాసులోనే 1858లో ఒక సైనిక చాప్లిను గారి ఇంట ఫ్రెడరిక్ లుగార్డ్ పుట్టాడు. పెద్దయ్యాక ఆఫ్రికాలోని నైజీరియాను ఏలిన గవర్నరు ఆయనే. అక్కడ ఉత్తరాన ముస్లిం ఎమీర్లను గద్దెల మీదే ఉంచి, వారి ద్వారానే పాలన నడిపించాడు. వారి ప్రాంతాల్లో మిషనరీలకు హద్దులు పెట్టాడు. 1914లో ఉత్తర, దక్షిణ ప్రాంతాలను ఒకే దేశంగా కలిపాడు, కానీ రెండింటినీ వేర్వేరు పద్ధతుల్లో పెంచారు. 1960లో స్వాతంత్ర్యం వచ్చిన ఏడేళ్లకే బియాఫ్రా యుద్ధం మొదలైంది. నేటికీ అక్కడ ఉత్తరాన, నడిమి ప్రాంతంలో చర్చిల మీద జరిగే దాడుల వార్తలు వింటూనే ఉన్నాం.

రువాండా కథ ఇంకా ఘోరం. హుటు, టుట్సీ ఒకే భాష మాట్లాడతారు, ఒకే కొండల మీద బతుకుతారు. బెల్జియంవారు టుట్సీలకే పెత్తనాలు ఇచ్చి, 1930లలో ప్రతి మనిషి జాతినీ గుర్తింపు కార్డు మీద అచ్చువేశారు. 1959 నాటికి తక్కెడ తిప్పి హుటుల పక్షం చేరారు. 1994లో సుమారు వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షలమంది చచ్చిపోయారు. దారిలో ఆపి కార్డు చూసి చంపారు. న్యమాటా, న్తరామా చర్చిల్లో తలదాచుకున్నవారిని ఆ చర్చిల్లోనే చంపారు. చంపినవారూ, చచ్చినవారూ ఎక్కువమంది బాప్తిస్మం పొందినవారే.

మన్రో పాలెగాళ్లను తీసేశాడు, లుగార్డ్ ఎమీర్లను ఉంచాడు, బెల్జియంవారు ముందు ఒకరిని ఎక్కించి తర్వాత దించారు. దారులు వేరు. బలవంతుడితో లెక్క తేల్చుకుంటే చాలు, బలహీనుడి సంగతి అదే సర్దుకుంటుందన్న ఆలోచన మాత్రం అన్ని చోట్లా ఒకటే. ఒకడి దగ్గర లాక్కున్న అధికారాన్ని మరొకడికి ఇచ్చారు గాని, అధికారం కింద నలిగినవాణ్ణి నీకేం కావాలని అడగలేదు. అందుకే చక్రం ఆగలేదు.

సంఘం ఎక్కడ నిలబడాలి?

మన్రో మంచి మనసున్న పాలకుడు. అలాంటివాడు ఏడేళ్లు కష్టపడినా ఆగని చక్రం ఒక ప్రసంగంతో ఆగుతుందని ఎవరూ అనుకోకూడదు. కానీ సంఘానికి ఒక అవకాశం ఉంది. చావడిలో బొండకొయ్య ఉన్న రోజుల్లో, ఆ కొయ్యలో కాళ్లు పెట్టినవారు మొదటిసారి తలెత్తి కూర్చున్న చోటు మన ప్రార్థన మందిరం. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి తలుపు తట్టినవారిని ఏ వర్గమని అడగకుండా వైద్యం చేసిన చరిత్ర మనది. ఆ వారసత్వాన్ని నిలబెట్టుకోవాలా, రువాండా చర్చిల దారిన పోవాలా అన్నది మన ఇష్టం.

పని చిన్నదిగానే మొదలవుతుంది. వర్గ నాయకుడు మందిరానికి స్లాబు వేయిస్తానంటే, ఆ సిమెంటుతో పాటు ఆయన ఎదుటి వర్గంవారికి మందిరపు తలుపు మూసుకుపోతుందేమో పెద్దలు ఆలోచించాలి. ఒక వర్గం ఇంట చావు జరిగితే కాపరి వెళ్లినట్టే ఎదుటి వర్గం ఇంటికీ వెళ్లాలి. రెండు వైపులా విధవరాండ్రు ఉంటారు, వారి పిల్లలు ఒకే ఆదివారపు బడిలో కూర్చోవాలి. ఊరు విడిచి వెళ్లిన కుటుంబం తిరిగి వస్తే మొదట పలకరించే గొంతు సంఘానిది కావాలి. పదిమంది ముందు ఫలానావాళ్ల రక్తమే అంత అన్న మాట వచ్చినప్పుడు, అది ఆఫ్రికా గురించైనా, పక్క ఊరి గురించైనా, ఎవరో ఒకరు కాదని చెప్పాలి.

కోటలు కూలాలంటే ఫిరంగులు కావాలి. మన్రో దగ్గర అవి ఉన్నాయి. మనుషుల మధ్య గోడలు కూలడానికి ఫిరంగులు పనికిరావు. ఎదుటి ఇంటి గడప తొక్కేవాళ్లు కావాలి. రాబోయే ఆదివారం ఆరాధన ముగిశాక, మీ ఊళ్లో మీ సంఘం ఇంతవరకు వెళ్లని ఇల్లు ఏదో పెద్దలంతా కూర్చుని ఒక్కసారి లెక్క వేసుకోండి. ఆ ఇంటి నుంచే మొదలుపెట్టండి.